ఎండాకాలంలో ఫుల్ హ్యాండ్స్ చొక్కా

2021 సెప్టెంబరులో బెజవాడ పేరు దేశమంతా మారుమోగింది. గుజరాత్‌లోని ముంద్రా రేవులో కేంద్ర రెవెన్యూ నిఘా విభాగం డీఆర్‌ఐ అధికారులు రెండు కంటైనర్లు పట్టుకుంటే 2,988 కిలోల హెరాయిన్ బయటపడింది. సరుకు అఫ్గానిస్తాన్‌ది. ఓడ ఎక్కింది ఇరాన్‌లోని బందర్ అబ్బాస్‌లో. కాగితాల్లో మాత్రం టాల్కు రాయి అని రాసుంది. తెప్పించుకున్నది ఆషీ ట్రేడింగ్ కంపెనీ. దాని చిరునామా మా సత్యనారాయణపురంలో ఒక ఇల్లు. 21,000 కోట్ల సరుకన్నారు. పునుగుల బండి దగ్గర, బస్టాండులో, ఎక్కడ విన్నా అదే మాట. చిరునామా వాడుకున్నారే తప్ప సరుకు విజయవాడ వచ్చేది కాదని పోలీసులు చెప్పాక ఊరు తెరిపిన పడింది.

నిజమే, హెరాయిన్ రాలేదు. సింగ్ నగర్‌లో మా కింది వాటాలో ఉండే కుర్రాడు సరిగ్గా ఆ నెలలోనే ఎడంచేతికి మొదటి సూది గుచ్చుకున్నాడు. ఆ మందు ఏ ఓడా ఎక్కి రాలేదు. పద్ధతిగా తయారై, లేబులంటించుకుని, మందుల షాపు అరలో కూర్చున్న చిన్న గాజు సీసా అది.

పేరు చెప్పను. ఫలానా వాళ్లబ్బాయి అని ఎవరూ వేలెత్తి చూపకుండా ఇంకో ఇద్దరి సంగతులు కూడా ఇతనిలో కలిపేశాను. తండ్రి ఆటోనగర్‌లో లారీ బాడీ మేస్త్రి. షెడ్డులోకి ఉత్త ఛాసిస్ వస్తే దాని మీద చెక్కా రేకూ ఎక్కించి, నిండు బండిని చేసి రోడ్డు మీదికి పంపే మనిషి. కొడుక్కి చెక్కపని అబ్బలేదు. వాడికి రంగుల పిచ్చి. పదిహేడేళ్లకే లారీల నుదుటి మీద పేర్లు రాసేవాడు.

వాడు రాస్తుంటే చూడటం నాకు సరదా. ఎడంచేత్తో సన్నటి కర్ర ఒకటి అడ్డంగా పట్టుకుని, దాని మీద కుడి మణికట్టు ఆనించి, కుంచెని రంగులో ఒక్కసారి తిప్పి, ఊపిరి బిగబట్టి ‘శ్రీ’ మొదలుపెట్టేవాడు. వంపు మధ్యలో కుంచె ఎత్తడం ఉండదు. సుద్దముక్కతో గీతలు గీసుకోవడం, కొలతలు పెట్టుకోవడం ఏమీ లేవు. స్టిక్కర్లు వచ్చి పెయింటర్ల పని మింగేశాక కూడా కొందరు ఓనర్లు ఈ కుర్రాడి రాతే కావాలని బండి రెండ్రోజులు ఆపుకునేవాళ్లు. “స్టిక్కరు ఎండకి లేచిపోద్ది మావయ్యా. నా అక్షరం బండితోపాటే తుక్కుకి పోవాలి” అనేవాడు.

2021 వానల్లో రామవరప్పాడు రింగు దగ్గర బైకు జారి భుజం ఎముక విరిగింది. ఆపరేషన్ చేశారు. రెండు రాత్రులు నర్సు ఇచ్చిన నొప్పి ఇంజక్షన్ పెంటాజోసిన్. మన ఆసుపత్రుల్లో దశాబ్దాలుగా వాడుతున్నదే. డాక్టరు రాసినదాంట్లో తప్పేమీ లేదు. ఈ మాట గట్టిగా చెప్పాలి. ఎందుకంటే ఇలాంటి కథ ఒకటి చెవిన పడగానే మనవాళ్లు కేన్సర్‌తో అల్లాడుతున్న ముసలమ్మకి కూడా మార్ఫిన్ వద్దంటారు, అలవాటు పడిపోతుందని. నొప్పికి, డాక్టరు కళ్లముందు, నాలుగు రోజులు వాడిన మందుతో ఇల్లు చేరి మామూలుగా బతికేవాళ్లే ఎక్కువ. వీడి మనసులో మాత్రం ఆ రెండు రాత్రులూ ఉండిపోయాయి. చాలాకాలం తర్వాత నాతోనే అన్నాడు: “నొప్పి పోలేదు మావయ్యా, ఉంది. కానీ అది వేరేవాడి నొప్పయిపోయింది.”

డిశ్చార్జి కాగితంలో మందు పేరు చదువుకున్నాడు. చీటీ లేకుండా ఇచ్చే షాపు ఒక స్నేహితుడు చూపించాడు. పెట్టె మీదున్న ధరకి ఎన్నో రెట్లు తీసుకునేవారట.

చీటీ లేకుండా ఇవ్వకూడదు. 2014 మార్చి నుంచి షెడ్యూల్ హెచ్1 అని ఒకటి అమల్లో ఉంది. ఆ జాబితాలో ఉన్న మందు అమ్మితే రాసిన డాక్టరు పేరు, కొన్న రోగి పేరు, ఎంత ఇచ్చిందీ వేరే రిజిస్టర్లో ఎక్కించి మూడేళ్లు దాచాలి. పెంటాజోసిన్, ట్రమడాల్ రెండూ అందులో ఉన్నాయి. 2018లో ట్రమడాల్‌ని ఎన్‌డీపీఎస్ అనే మత్తుమందుల చట్టం కిందికి కూడా తెచ్చారు. వీడు కొన్న సీసాలు ఎవరి పేర రాసుకున్నారో, అసలు రాశారో లేదో ఆ షాపువాడికే ఎరుక.

ఈ మందుకి వేరే దేశంలో పాత చరిత్ర ఉంది. 1960ల్లో అమెరికా బజారులోకి వచ్చినప్పుడు ఇది మార్ఫిన్‌లా అలవాటు చెయ్యదని నమ్మారు. 1970లు దాటకముందే షికాగో కుర్రాళ్లు పెంటాజోసిన్ మాత్రని నీలం రంగు అలర్జీ మాత్రతో కలిపి నూరి నరాలకెక్కించుకుంటున్నారు. 1983లో కంపెనీ ఆ మాత్రలోనే నాలక్సోన్ కలిపి అమ్మడం మొదలుపెట్టింది. మింగితే నాలక్సోన్ పని చెయ్యదు. సూదితో ఎక్కిస్తే మత్తుని విరిచేస్తుంది. మంచి ఉపాయం. కానీ నలభయ్యేళ్ల తర్వాత సింగ్ నగర్‌లో వీడూ ఇంకో ఇద్దరు స్నేహితులూ, షికాగో ఎక్కడుందో కూడా తెలియకుండా, అదే జోడీ కట్టారు. నొప్పి మందూ, అలర్జీ మందూ.

2019లో ఎయిమ్స్ వైద్యులు కేంద్ర ప్రభుత్వం కోసం చేసిన సర్వే ప్రకారం దేశంలో సూదితో మత్తు ఎక్కించుకునేవాళ్లు దాదాపు 8.5 లక్షలు. అందులో హెరాయిన్ వాళ్లు ఎంతమందో, మందుల షాపు సరుకుతో నడిపేవాళ్లూ ఇంచుమించు అంతేమంది. ఈ రెండో సగం మీద టీవీలో చర్చ పెట్టరు. చూపించడానికి ఓడ ఉండదు, కంటైనరు ఉండదు.

మొదటి ఏడాదిన్నర ఎవరికీ తెలియలేదు. పని మానలేదు, తాగి తూలలేదు, ఇంట్లో డబ్బు పోలేదు. 2023 మే నెలలో ఒక మధ్యాహ్నం, రోడ్డు మీద తారు మెత్తబడే ఎండలో, ఫుల్ హ్యాండ్స్ చొక్కా తొడుక్కుని, మణికట్టు గుండీలు కూడా పెట్టుకుని, రంగు డబ్బాలు పట్టుకుని ఎదురొచ్చాడు. బనీనుతో తప్ప షెడ్డులో కనపడని మనిషి. “ఏంట్రా ఈ వేషం?” అంటే, “చేతులు నల్లబడిపోతున్నాయి మావయ్యా” అని నవ్వాడు. పెళ్లి చూపులేమోననుకున్నాను.

చొక్కా కింద జరుగుతున్నది వేరు. పెంటాజోసిన్‌కి ఒక పాడు గుణం ఉంది. నరం తప్పి చర్మం కిందో కండలోనో పడిందంటే అక్కడి కణజాలాన్ని చంపుతుంది. చచ్చినచోట పీచు కట్టి గట్టిపడుతుంది. మళ్లీ అక్కడే గుచ్చితే మచ్చ మీద మచ్చ. కొన్నాళ్లకి చర్మం కిందికి కదలదు, పైకి లేవదు, కండ బిగిసి మోచెయ్యి పూర్తిగా చాపుకోలేరు. మధ్యలో పుళ్లు పడతాయి, మానవు. నరాల సంగతి ఇంకోటి. గుచ్చిన ప్రతిసారీ నరం గోడ గాయపడుతుంది, లోపల రక్తం గడ్డ కడుతుంది, మానేటప్పుడు దారి ఇరుకవుతుంది, ఒకనాటికి మూసుకుపోతుంది. మోచేతి మడత అయిపోతే ముంజేయి, అది అయిపోతే అరచేతి వెనక, తర్వాత పాదాలు. చర్మం మీద ఊరికే ఉండే క్రిములు సూదితోపాటు లోపలికి పోయి చీముగడ్డలు లేస్తాయి. వీడికి రెండు లేచాయి. బ్లేడుతో తనే కోసుకున్నాడు. ఆసుపత్రికి పోతే చొక్కా విప్పమంటారు కదా.

2024 భోగినాడు తెల్లవారుజామున మంట దగ్గర కూర్చున్న కొడుకుని లేపుదామని తండ్రి చొక్కా మీంచే ముంజేయి పట్టుకున్నాడు. పట్టుకున్నవాడు పట్టుకున్నట్టే ఆగిపోయాడు. చెక్కని వేళ్లతో తడిమి జాతి చెప్పే మనిషి. “ఇదేంట్రా? చెయ్యా ఇది, మద్ది పలకా?” అన్నాడు. “జిమ్‌కెళ్తున్నా కదా నాన్నా” అన్నాడు వాడు. నలుగురం నవ్వాం. తండ్రి నవ్వలేదు గానీ ఇంకేమీ అడగలేదు.

ఎడంచేతిలో నరం దొరకడం మానేశాక ఆ ఎడంచేత్తోనే కుడిచేతికి గుచ్చుకోవడం మొదలైంది. ఆ వేసవిలో ఒకరోజు సూది సిరలోకి పోవాల్సింది ధమనిలోకి పోయింది. సిరలోకి పోయిన మందు గుండెవైపు నడుస్తుంది. ధమనిలోకి పోతే వేళ్ల కొసలకి పరిగెడుతుంది, అక్కడ సన్నటి దారులన్నీ మూసేస్తుంది. చెయ్యి నిప్పుల్లో పెట్టినట్టు మండిందట. మూడు రోజుల్లో చూపుడు వేలూ మధ్య వేలూ కొసలు నల్లబడ్డాయి. మొదటి కణుపు దాకా తీసేశారు. మిషన్‌లో పడ్డాయని ఇంట్లో చెప్పాడు, ఆటోనగర్‌లో అది నమ్మని వాళ్లెవరు? కుంచె పట్టే వేళ్లు అవే. జూన్‌లో స్టిక్కర్లు కత్తిరించే షాపులో పనికి కుదిరాడు.

2024 సెప్టెంబరు 1, ఆదివారం. బుడమేరుకి గండ్లు పడి సింగ్ నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరీపేట మునిగాయి. ప్రకాశం బ్యారేజీ మీద కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటి ఎన్నడూ ఎరగనంత వచ్చిందని తర్వాత తెలిసింది. మాకు ఆ పూట తెలిసింది మాత్రం మెట్ల మీద ఒక్కొక్క మెట్టే ఎక్కుతున్న నల్లటి నీళ్లు. కింది వాటావాళ్లు ముగ్గురూ బియ్యం సంచీ, గ్యాసు బండా మోసుకుని మా వాటాలోకి వచ్చారు. కరెంటు పోయింది, ఫోన్లు చచ్చాయి. ఆ షాపు కూడా మునిగిందన్న సంగతి మా అందరిలో ఒక్కడికే ముఖ్యం.

రాత్రికి ఆవలింతలు మొదలయ్యాయి. ఒకటి కాదు, రెండు కాదు, దవడ నొప్పెట్టేలా. తెల్లారేసరికి ముక్కు కారుతోంది, కళ్ల నీళ్లు ఆగవు, మండే ఉక్కలో ఒళ్లంతా గగుర్పాటు. కంటిపాపలు పెద్దవైపోయాయి. రెండో రోజు వాంతులు, విరేచనాలు. బాత్రూములో పొయ్యడానికి నీళ్లు లేవు, చుట్టూ సముద్రం. కాళ్లు వాటంతటవే తన్నుకుంటున్నాయి. “ముంపు నీళ్లు పడలేదు అన్నయ్యగారూ, కలరానేమో” అంది తల్లి. ఓఆర్‌ఎస్ పొట్లాలు రెండుంటే కలిపి పట్టించాం. డ్రోన్ మేడ మీద వదిలిన పులిహోర పొట్లం వాసనకే వాంతి చేసుకున్నాడు.

రోజూ మత్తు వచ్చిపడే శరీరం దానికి ఎదురుబలం తయారుచేసుకుంటుంది. మందు పేగుల్ని నిద్రపుచ్చుతుంటే పేగులు గట్టిగా తోస్తాయి. మందు కంటిపాపని కుదిస్తుంటే కన్ను విప్పడానికి పెనుగులాడుతుంది. మందు ఒక్కసారి ఆగితే ఆ ఎదురుబలం అంతా అడ్డూ ఆపూ లేకుండా మీద పడుతుంది. రెండు మూడు రోజులకి ముదురుతుంది, వారం పది రోజుల్లో ఒళ్లు సర్దుకుంటుంది. దీంతో ప్రాణం పోవడం అరుదు. పడేవాడికి ఆ మాట నమ్మకం కలగదు.

మూడో రోజు సాయంత్రం చొక్కా కంపు కొడుతుంటే తల్లి బలవంతాన విప్పింది. వాడికి అడ్డుకునే ఓపిక లేదు. కొవ్వొత్తి వెలుగులో ఆ చెయ్యి చూశాం. మోచెయ్యి నుంచి మణికట్టు దాకా నల్లటి మచ్చల వరస, మధ్యలో అంచులు పైకి లేచిన పుండు ఒకటి, రూపాయి బిళ్లంత, లోపల పచ్చగా. తల్లికి అర్థం కాలేదు. “ఏం కరిచిందిరా?” అంది. తండ్రి వచ్చి పక్కన కూర్చుని, భోగినాడు పట్టుకున్నచోటే మళ్లీ పట్టుకున్నాడు. ఆ రాత్రి ఆయన నాతో ఒకే ఒక్క మాటన్నాడు: “జిమ్ కాదన్నమాట.”

నీళ్లు తీయడానికి పది రోజులు పట్టింది. ఆ పది రోజుల్లో వాడి శరీరం కడిగినట్టయింది, ఏ డాక్టరూ లేకుండా. అక్కడే కథ మలుపు తిరగాల్సింది. ఈ అలవాటుకి మందు ఉంది. నాలుక కింద పెట్టుకునే బ్యూప్రినార్ఫిన్ మాత్ర రోజూ కళ్లముందు వేయించే కేంద్రాలు ప్రభుత్వమే నడుపుతోంది. ఆ మాత్ర మీద నిలబడ్డవాళ్లు సూదికి తిరిగి వెళ్లడం తగ్గుతుంది, చావులు తగ్గుతాయి. కేసు భయం కూడా అనవసరం. తన వాడకానికి చిక్కినవాడు తనంతట తాను గుర్తింపున్న చోట చికిత్సకి వస్తే ఎన్‌డీపీఎస్ చట్టంలోని 64ఏ సెక్షన్ శిక్ష నుంచి తప్పిస్తుంది. ఇవన్నీ నేను చెప్పాను. తండ్రి విన్నాడు. విని, “గవర్నమెంటాసుపత్రికి పోతే చీటీ మీద ఏం రాస్తారు అన్నయ్యగారూ? రేపు వాడికి పిల్లనెవరిస్తారు?” అన్నాడు. ఊరవతల ఒక ప్రైవేటు సెంటర్లో రెండు నెలలకి డబ్బు కట్టాడు. గది, తాళం, పొద్దున్నే ప్రార్థన, సాయంత్రం క్లాసు. మాత్ర లేదు.

నవంబరులో బరువు పెరిగి, నున్నగా గడ్డం గీసుకుని వచ్చాడు. తల్లి దిష్టి తీసింది. నాలుగో రోజు రాత్రి ఆటోనగర్ షెడ్డు వెనక ఊపిరి ఆగి పడి ఉన్నాడు. నెలల తరబడి మానినవాడి శరీరం పాత మోతాదుని మర్చిపోతుంది, మనసు మాత్రం పాత మోతాదునే అడుగుతుంది. దానికి నిద్రమాత్రలు కూడా తోడయ్యాయి. ఈ మందులు రెండూ మెదడు అడుగున ఊపిరిని నడిపే చోటనే నొక్కుతాయి. నిద్ర లోతై, శ్వాస నిమిషానికి నాలుగైదుకి పడి, పెదవులు నీలమై, గురకలాంటి చప్పుడొకటి వస్తుంది. పక్కవాళ్లు హాయిగా నిద్రపోతున్నాడనుకుంటారు. సెంటర్ నుంచి, జైలు నుంచి బయటికొచ్చిన మొదటి వారాలే అందుకే అన్నిటికన్నా ప్రమాదం. వీడితోపాటున్న కుర్రాడు పారిపోకుండా ఆటోలో వేసుకుని ఆసుపత్రికి పట్టుకుపోయాడు, ఏం ఎక్కించాడో డాక్టరుకి దాచకుండా చెప్పాడు. నాలక్సోన్ ఇస్తే రెండు నిమిషాల్లో కళ్లు తెరిచాడు. ఈ మొత్తం కథలో ఎవరైనా నిజం వెంటనే చెప్పింది ఆ ఒక్కసారే, దానికి ఫలితం మూడు నెలల ఆయుష్షు.

ఆ ఆటో తోలిన కుర్రాడే తర్వాత మిగతా సంగతులు చెప్పాడు. సీసా రేటు పెరిగినప్పుడల్లా మాత్రలు నూరి ఎక్కించుకునేవారట. మాత్రలో మందు పిసరంత, మిగతాదంతా దాన్ని పట్టి ఉంచే పిండి, సెల్యులోజ్, టాల్కు. ఎంత వడగట్టినా ఆ రేణువులు పోవు. సిర నుంచి గుండె కుడివైపుకి, అక్కడి నుంచి ఊపిరితిత్తుల సన్నటి నాళాల్లోకి పోయి ఇరుక్కుంటాయి. చుట్టూ గడ్డలు కడతాయి, మెట్లెక్కితే ఆయాసం. ముంద్రా కాగితాల్లో రాసిన ఆ టాల్కు రాయి మా ఊరికి రాలేదు గానీ, టాల్కు వచ్చింది. దాని చిరునామా ఎవరి రికార్డులోనూ లేదు.

ముగ్గురికీ ఒకటే సిరంజి అని కూడా అతనే చెప్పాడు. సిరంజి అడిగితే షాపువాడు మొహం చూస్తాడు, అందుకని. మణిపూర్‌లో 1989కి ముందు సూది వాడేవాళ్లలో హెచ్‌ఐవీ దాదాపు కనపడలేదు. ఒకటి రెండేళ్లు తిరిగేసరికి సగంమందికి చేరింది. దేశమంతటా చూస్తే సూది వాడేవాళ్లలో హెచ్‌ఐవీ 2021 లెక్కల్లో 9 శాతం, మామూలు జనంలో అది పావు శాతం కూడా లేదు. హెపటైటిస్ సి ఇంకా మొండిది. సిరంజిలో మిగిలిన చుక్కలో వారాలు బతుకుతుంది. సూది కడిగినంత మాత్రాన పోదు. కలిపిన నీళ్లలో, పంచుకున్న దూదిలో కూడా ఉంటుంది. ఒంట్లోకి వచ్చాక ఇరవై ఏళ్లు కిక్కురుమనదు, ఆ తర్వాత కాలేయం గట్టిపడి కామెర్లతో లేస్తుంది.

2025 సంక్రాంతికి జ్వరం పట్టుకుంది. చలి, ఒణుకు, సాయంత్రానికి 103. ఆర్‌ఎంపీ టైఫాయిడ్ అన్నాడు. బెజవాడలో జ్వరమంటే మొదట టైఫాయిడే. సెలైన్ పెడదామంటే నరం దొరక్క మాత్రలిచ్చాడు. తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చింది. దగ్గు, పక్కల్లో పోటు, కఫంలో నెత్తురు చార. ఎక్స్‌రేలో రెండు ఊపిరితిత్తుల్లోనూ గుండ్రటి మచ్చలు. టీబీ అనుకుని కఫం పరీక్షలకి వారం పోయింది. వెళ్లిన ప్రతిచోటా డాక్టరు అడిగాడు: సిగరెట్టు, మందు, ఇంకేమైనా అలవాట్లున్నాయా? ప్రతిచోటా తల్లి ముందుకొచ్చి, “మా వాడికి టీ అలవాటు కూడా లేదండీ” అని చెప్పింది.

చివరికి పెద్దాసుపత్రిలో ఒక హౌస్ సర్జన్ అమ్మాయి పట్టుకుంది. ఇరవై మూడేళ్లుంటాయేమో. బీపీ పట్టీ చుట్టడానికి చొక్కా మడిచి, ఒక క్షణం చూసి, కళ్లెత్తకుండానే తల్లిని టీ తాగి రమ్మంది. తర్వాత మంచం పక్కన స్టూలు లాక్కుని, “ఎప్పటి నుంచి, దేనితో, నిన్న కూడానా?” అని అడిగింది, భోంచేశావా అని అడిగినంత మామూలుగా. వాడు అంతా చెప్పాడు. మూడేళ్లలో ఒక్కరంటే ఒక్కరు ఇంత మామూలుగా అడగలేదని నాతో అన్నాడు.

ఎకోలో గుండె కుడివైపు కవాటం మీద వేలెడంత కండ ఊగుతూ కనపడింది. చర్మం మీది స్టెఫిలోకాకస్ అనే క్రిమి, సూది వెంట రక్తంలోకి దిగి, కవాటం మీద గూడు కట్టుకుని, రక్తపు గడ్డని కప్పుకుని పెరిగింది. అందులోంచి ముక్కలు తెగి ఊపిరితిత్తుల్లో పడుతుంటే అవే ఎక్స్‌రేలో మచ్చలు. సూది వాడేవాళ్లకి ఈ జబ్బు కుడివైపే ఎక్కువ, ఎందుకంటే సిరల రక్తం మొదట చేరేది అక్కడికే. ముందు పట్టుకుంటే తగ్గే జబ్బే. నాలుగు నుంచి ఆరు వారాలు యాంటీబయాటిక్ నరంలోంచి ఎక్కించాలి.

నరంలోంచి. ఆ వార్డులో ఎంత చెయ్యి తిరిగిన సిస్టరుకైనా ఆ చేతుల్లో నరం దొరకలేదు. రబ్బరు పట్టీ బిగించి, వేడి గుడ్డ వేసి, తట్టి తట్టి చూసింది. ముంజేయి, మణికట్టు, చీలమండ. “బాబూ, అన్నీ తినేశావు కదయ్యా” అంది విసుక్కోకుండా. “ఎడం పాదం మీద బొటనవేలి పక్కన ఒకటుంటుంది సిస్టర్, నేను వాడలేదు” అని వాడే చూపించాడు. అది రెండు రోజులు పనిచేసింది. తర్వాత మెడలోంచి గొట్టం వేశారు.

పదకొండో రోజుకి జ్వరం తగ్గింది. పదహారో రోజుకి కవాటం చిరిగింది. కిడ్నీలు మొరాయించాయి, కాళ్లు ఉబ్బాయి, వెంటిలేటర్ పెట్టారు. ఫిబ్రవరిలో పోయాడు. ఇరవై ఆరేళ్లు. సర్టిఫికెట్‌లో ఇన్ఫెక్టివ్ ఎండోకార్డైటిస్ అని ఉంది. పేటలో డెంగీ అని చెప్పారు. నన్నడిగినవాళ్లకి నేనూ గుండె జబ్బన్నాను, అది అబద్ధం కాదు కాబట్టి.

నాకొకటి తోస్తుంది. మత్తు వాడిని నేరుగా చంపబోయింది ఒక్కసారే, నవంబరులో. అప్పుడు బతికించారు. వాడిని చంపినవి దాచినవి: మురికి సిరంజి, బ్లేడుతో కోసుకున్న గడ్డ, లేని టైఫాయిడ్, టీబీ కోసం పోయిన వారం, టీ కూడా అలవాటు లేదన్న మాట. వీటిలో ఏ ఒక్కటి తప్పినా ఫలితం వేరేలా ఉండేదేమో. తల్లిని తప్పుపట్టలేను. ఆవిడ పరువు కాపాడుతున్నాననుకుంది.

మార్చిలో ‘ఆపరేషన్ గరుడ’ అని రాష్ట్రమంతా మందుల షాపుల మీద ఒకేసారి దాడులు చేశారు. మత్తుమందుల మీద అంతకుముందు నవంబరులోనే ఈగల్ అని ప్రత్యేక దళం పెట్టారు, 1972కి ఫోన్ చేస్తే పలుకుతారు. చికిత్స సలహాకి కేంద్రం వాళ్ల 14446 ఎప్పటి నుంచో ఉంది. ఈ రెండు నంబర్లూ తండ్రికి ఇప్పుడు నోటికొచ్చు. ఆటోనగర్‌లో కుర్రాళ్ల ఫోన్లు లాక్కుని ఎక్కిస్తుంటాడు, కొందరు నవ్వుతారు.

మిగిలింది ఇద్దరు. ఆటో తోలిన కుర్రాణ్ని తండ్రే వెంటబెట్టుకుని పరీక్షకి తీసుకెళ్లాడు. హెచ్‌ఐవీ లేదు, హెపటైటిస్ సి ఉంది. 2018లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద ప్రభుత్వాసుపత్రిలో మాత్రలు ఉచితం. పన్నెండు వారాలు వేసుకుంటే నూటికి తొంభై అయిదుమందికి పైగా పూర్తిగా పోతుంది. క్రమం తప్పకుండా వేసుకుంటున్నాడు. హెపటైటిస్ బికి టీకా కూడా వేయించుకున్నాడు.

రెండోవాడు రావడం లేదు. “నాకేం బాగానే ఉంది బాబాయ్, ఎప్పుడో మానేశాను” అంటాడు. శ్రావణంలో వాడి పెళ్లి, పిల్లది గుడివాడ దగ్గర. పరీక్ష చేయించుకోకపోతే మీ నాన్నకి చెప్తానన్నాను. చెప్పుకోండన్నాడు.